బ్రీడింగ్ వాక్యానికి టీకా తాత్పర్యాలు

మూలం

“కుక్కది మంచి బ్రీడే గానీ, ఆసామికే బ్రీడింగ్ నేదు.”

అవతారిక

ఇది పద్యం కాదు, శ్లోకమూ కాదు. గణాలు లేవు, యతి లేదు. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో, తెల్లవారుజామున కళ్ళాపి చల్లి ముగ్గు తీర్చిన వాకిటి ముందు నుంచి, గొలుసు పట్టుకున్నవారొకరూ గొలుసు కట్టించుకున్నదొకటీ నడిచి వెళ్ళి, ఆ రెండవది ముగ్గు మీద తన రాకకు గుర్తు విడిచిన కొద్ది క్షణాలకు పుట్టే వాక్యాలన్నిటికీ ఇది ప్రతినిధి. కర్త ఎవరో తెలియని కారణంగా దీనిని వేదం వలె అపౌరుషేయమని చెప్పదలచినవారిని ఆపనక్కరలేదు. ముగ్గు వేసేవారు సాధారణంగా స్త్రీలే గనుక, పురుషుడు పలికినది కాదనే మామూలు అర్థంలో కూడా ఆ మాట నిలుస్తుంది.

మద్రాసులో వావిళ్ళవారు అచ్చువేసిన కావ్యాలను టీకా తాత్పర్యాలతో చదువుకున్నవారికి ఇటువంటి వ్యాఖ్య నడిచే వరుస తెలిసినదే. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యానం రాసిన మన కొలిచెల మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేశాడు. అందులో మొదటి నియమాన్ని ఈ టీక శక్తి కొద్దీ పాటిస్తుంది. రెండవదాన్ని కూడా పాటిస్తే వాకిలి కడిగి ఊరుకోవలసి వస్తుంది గనుక దానికి మినహాయింపు కోరుతుంది. బ్రీడ్, బ్రీడింగ్ అని ఒకే మాట రెండుసార్లు వచ్చిన ఈ వాక్యంలో ఉన్నది యమకమా, లాటానుప్రాసమా అన్నది ప్రధాన ప్రశ్న. వినబడేది ఒకటే అయినా అర్థాలు వేరైతే యమకం. అర్థం కూడా ఒకటే అయి, తాత్పర్యం మాత్రం మారితే లాటానుప్రాసం. ఆ సంగతి తేలితే తప్ప తిట్టు ఎవరికి తగిలిందో తేలదు.

పాఠనిర్ణయం

కొన్ని ప్రతులలో చివరి పదం ‘లేదు’ అని కనబడుతుంది. అది బడిలో దిద్దిన పాఠం. కళింగాంధ్ర నోట ‘ఏమిటి’ అన్నది ‘ఏటి’ అయినట్టు, ‘వెళ్ళిపోయాడు’ అన్నది ‘ఎల్లిపోనాడు’ అయినట్టు, ‘లేదు’ అన్నది ‘నేదు’ అవుతుంది. జనం నాలుక మీద ఉన్న భాషకే పుస్తకంలో చోటు ఉండాలని పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టినది శ్రీకాకుళం సీమలోనే గనుక, ఆ గడ్డ మీద ‘నేదు’ను దిద్దడం మర్యాద అనిపించుకోదు. ‘బ్రీడింగ్’కు బదులు ‘బ్లీడింగ్’ అని చదివిన పాఠం ఆసుపత్రి పరిసరాలలో పుట్టిన అపపాఠం. దానిని గ్రహిస్తే ఆసామికి ఆరోగ్యం ఉందని చెప్పినట్టయి, తిట్టు కాస్తా దీవెనగా మారుతుంది.

ప్రతిపదార్థం

కుక్కది = శునకముయొక్క పుట్టుక; మంచి = మేలైన; బ్రీడే = జాతియే; గానీ = అయినప్పటికీ; ఆసామికే = ఆ కుక్క యజమానికి మాత్రమే; బ్రీడింగ్ = మర్యాద, నడవడి, పెంపకం వల్ల అబ్బిన సంస్కారం; నేదు = కానరాదు.

ఇందులో ‘మంచి’ అనే విశేషణం ఒక విధంగా పునరుక్తి. తెలుగునాట కుక్కల విషయంలో ‘బ్రీడ్’ అంటేనే మేలుజాతి. ఆంగ్లంలో ప్రతి కుక్కకూ ఏదో ఒక బ్రీడ్ ఉండవచ్చు గానీ, మన వీధిలో బ్రీడ్ కుక్క ఒక తెగ, ఊరకుక్క మరొక తెగ. ఇటువంటి విభజనకు రిజిస్టర్ల బలం చేకూర్చినది 1873లో ఇంగ్లండులో ఏర్పడిన కెన్నెల్ క్లబ్బు. నాటి నుంచి తల్లీ తండ్రీ పుస్తకంలోకి ఎక్కిన కుక్కే జాతికుక్క అనే లెక్క స్థిరపడింది.

‘ఆసామి’ అనే మాటకు మూలం అరబ్బీలో పేర్లు అని అర్థమున్న ‘అసామీ’. రెవెన్యూ దస్తరాలలో పేరు నమోదైన రైతుకు మొదట చెల్లిన ఈ మాట, తరువాత ఆస్తిపరుడికీ, ఆ తరువాత ఏదైనా ఒక వస్తువుకు స్వంతదారుడికీ చెల్లింది. కాబట్టి గొలుసుకు ఒక చివర క్లబ్బు రిజిస్టరులో పేరున్న ప్రాణి, మరొక చివర సర్కారు రిజిస్టరులో పేరున్న ప్రాణి ఉన్నాయనీ, వాక్యం రెండు రిజిస్టర్లనూ సరిపోల్చుతున్నదనీ గ్రహించవలెను. ‘ఆసామికే’ అన్నచోట ఏకారం అవధారణార్థకం; అంటే లోపం ఇక్కడే ఉంది, వేరెక్కడా లేదని గిరి గీసి చెప్పేది. కుక్కను నిర్దోషిగా విడుదల చేసేది ఈ ఒక్క అచ్చే.

వ్యుత్పత్తి

‘బ్రీడింగ్’ అన్నది ‘బ్రీడ్’ అనే క్రియ మీద ‘ఇంగ్’ చేరగా ఏర్పడిన కృదంతం. వేయి సంవత్సరాల నాటి ప్రాచీన ఆంగ్లంలో ఆ క్రియ రూపం ‘బ్రేడన్’. దానికి పిల్లలను కనడమనే అర్థంతో పాటు, గుడ్లను ఒంటి వేడితో కాచి పొదగడం, పొదిగి దింపిన పిల్లలను సాకడం అనే అర్థాలు కూడా ఉన్నాయి. ఒక్కసారి పొదిగిన పిల్లల గుంపుకు ఆంగ్లేయులు నేటికీ చెప్పే ‘బ్రూడ్’ దీనికి తోబుట్టువు. బీరు కాచడాన్ని తెలిపే ‘బ్రూ’, మాంసం ఉడికించిన చారును తెలిపే ‘బ్రాత్’ అనే మాటలను కూడా ఈ కుటుంబంలో చేర్చి, అన్నిటికీ వెనుక కాగడం, మరగడం, ఉడకడం అనే భావమున్న ఒక పురాతన ధాతువు ఉన్నదని భాషాశాస్త్రజ్ఞులు భావిస్తారు. అందుచేత బ్రీడింగ్ అనే మాటకు గర్భంలో ఉన్న అర్థం వెచ్చదనం. వంశం, నెత్తురు, జాతి అనేవి దానిమీద తరువాత పేరుకున్న పొరలు.

తెలుగులో ఈ అర్థాన్ని సరిగా మోయగల క్రియ ‘పొదుగు’. కోడి గుడ్లను పొదుగుతుంది. ఆవుకు పాలు దిగే చోటు పొదుగు. కంసాలి రాయిని నగలో పొదిగితే చుట్టూ బంగారాన్ని ఒత్తి, రాయి జారిపోకుండా పట్టి ఉంచుతాడు. కాచడం, పోషించడం, అదిమి పట్టడం అనే ఈ మూడింటినీ ఒక పిల్లవాడి మీద కొన్నేళ్ళపాటు ప్రయోగిస్తే కలిగే ఫలితానికే పెద్దలు పెంపకమని పేరు పెట్టారు.

ఈ వ్యుత్పత్తి తెలిసిన తరువాత నేటి పశువుల ఆసుపత్రిలో జరిగే బ్రీడింగును చూస్తే కాలవైపరీత్యం బోధపడుతుంది. ఆవు ఎదకు వచ్చిందని రైతు చెప్పే మాటను పశువైద్యులు ‘హీట్‌కి వచ్చింది’ అంటారు. ఇంతవరకు ధాత్వర్థమైన వేడి నిలిచే ఉంది. అయితే ఆ వెంటనే తెరుచుకొనే డబ్బాలో జెర్సీ ఆంబోతు వీర్యం, సన్నని గొట్టాలలో, మైనస్ 196 డిగ్రీల చలిలో ఉండే ద్రవ నత్రజనిలో మునిగి ఉంటుంది. ఇంగ్లీషు కాలువలోని ఒక చిన్న ద్వీపం పేరు మోస్తున్న ఆ ఆంబోతును ఆవు ఎన్నడూ చూడదు, ఆంబోతుకు ఆవు ఊరి పేరు తెలియదు. వెచ్చదనం అని అర్థమున్న మాటతో పిలిచే పని భూమి మీది అతిచల్లని వస్తువులలో ఒకదాని సాయంతో జరగడం ఆంగ్లభాషకు పట్టిన విరోధాభాసాలంకారం.

అర్థపరిణామం

పొదగడం నుంచి సాకడానికి, సాకడం నుంచి చదువూ నడవడీ నేర్పడానికి, ఆ నేర్పడం నుంచి నేర్చినవాడిలో కనబడే మర్యాదకు ఈ మాట మెట్లు ఎక్కింది. మర్యాదస్థుడిని ‘వెల్ బ్రెడ్’ అనడం 16వ శతాబ్దం చివరికే ఉంది. షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’ నాటకం తెర లేవగానే, గ్లాస్టర్ ప్రభువు తనకు వివాహేతరంగా పుట్టిన కొడుకును పరిచయం చేస్తూ, వాడి బ్రీడింగ్ ఖర్చంతా తానే భరించానని అంటాడు. అక్కడ కనడమూ పెంచడమూ రెండూ ఒకే మాటలో ఇరుక్కుని, వినేవాడికి నవ్వాలో తలదించుకోవాలో తెలియని ఇబ్బంది తెచ్చిపెడతాయి. ‘యాజ్ యూ లైక్ ఇట్’ నాటకారంభంలో ఆర్లాండో అనే తమ్ముడి ఫిర్యాదు ఈ మూలవాక్యానికి మరీ దగ్గరి చుట్టం: తన అన్న తనకన్నా తన గుర్రాలనే మేలుగా పెంచుతున్నాడని, వాటికి తిండీ తర్ఫీదూ ఉన్నాయనీ తనకు లేవనీ అతడు మొరపెట్టుకుంటాడు. గుర్రం తీసి కుక్కను పెడితే విజయనగరం వీధిలోకి వచ్చి నిలబడేది ఆ మాటే.

జాతిగుర్రానికి నేడు చెప్పే ‘థరోబ్రెడ్’ అనే పదం 18వ శతాబ్దం ఆరంభంలో విద్యాబుద్ధులన్నీ పూర్తిగా అబ్బిన మనిషికి విశేషణంగా ఉండేది. గుర్రాలకు అది అంటుకున్నది ఆ శతాబ్దం చివరి దశకంలో. అంటే జంతువుల మాటను మనుషులు అరువు తెచ్చుకున్నారన్న లోకప్రతీతికి విరుద్ధంగా, ఇక్కడ మనిషి మర్యాదే గుర్రపుశాలకు తరలింది. వంశవృక్షాన్ని తెలిపే ‘పెడిగ్రీ’ అనే మాట చరిత్ర మరింత వింతది: వంశపట్టికలలో తండ్రి నుంచి బిడ్డలకు గీసే చీలిక గీతలు కొంగ పాదం అచ్చులా ఉండడం వల్ల, పాత ఫ్రెంచిలో కొంగ పాదం అని అర్థమిచ్చే పదబంధం నుంచి అది పుట్టింది. కుక్కకు ఉన్నదని ఆసామి గర్వపడే పెడిగ్రీ సర్టిఫికెట్టు, నిరుక్తం ప్రకారం, కొంగకాలి ముద్ర వేసిన కాగితం.

పర్యాయవిచారం

పుట్టుకను తెలిపే మాటే మర్యాదను తెలిపే మాటగా మారడం ఆంగ్లేయుల సొంత జబ్బు అనుకోవడానికి వీలులేదు. అమరకోశం కులీనుడు, ఆర్యుడు, సభ్యుడు, సజ్జనుడు, సాధువు అనే మాటలను ఒకే వరుసలో పర్యాయాలుగా కూర్చోబెట్టింది. మంచి ఇంట పుట్టినవాడు, సభలో మెలగగలవాడు, మంచివాడు అనే ముగ్గురూ ఒక్కరే అయినట్టు. ‘అభిజాతుడు’ అన్నా మొదట గొప్పగా పుట్టినవాడే, తరువాతే సంస్కారి. సంక్రాంతి బరిలో దిగే అసీల్ కోడిపుంజు పేరులోనూ ఇదే కథ ఉంది. అరబ్బీలో ‘అసీల్’ అంటే మూలం చెడనిది, కల్తీ లేని వంశంలోది. అప్పు తీర్చేవారు వడ్డీ నుంచి వేరుచేసి చెప్పే ‘అసలు’ దీనికి సగోత్రం. ఉర్దూలో అదే మాట నెమ్మదస్తుడైన, మర్యాద తెలిసిన మనిషికీ చెల్లుతుంది. కాకి, డేగ, నెమలి, సేతు అని ఈకల రంగును బట్టి పుంజులను విభజించి, ఏ వేళకు ఏది గెలుస్తుందో చెప్పే కుక్కుటశాస్త్రం తెలుగువారికి ఉంది గానీ, ఓడిన పుంజు ఎలా మెలగాలో చెప్పే అధ్యాయం అందులో లేకపోవడం, కోడిని కూరకు పంపే ఆచారం వల్ల, పెద్ద లోపంగా ఎవరికీ తోచలేదు.

పూర్వపక్షం

ఇక్కడ రెండు వాదాలు తలెత్తుతాయి. మొదటివారు రక్తవాదులు. వారి మతంలో కుక్క బ్రీడూ మనిషి బ్రీడింగూ ఒకటే. రెండూ విత్తనంతో వచ్చేవే. ఉదాహరణకు వారు విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానాన్ని చూపుతారు. ఇతర జిల్లాలవారు రాగులనీ, ఈ జిల్లాలవారు చోళ్ళనీ పిలిచే ధాన్యానికి అక్కడ రూపొందిన మేలురకాలలో చంపావతి, వేగావతి, సువర్ణముఖి ప్రసిద్ధాలు. చోడి పువ్వు కంటికి ఆననంత చిన్నది, పైగా తన పుప్పొడితో తానే గింజకట్టే స్వభావం కలది. రెండు రకాలను కలపాలంటే కంకిని వేడినీటిలో కొద్దిసేపు ముంచి, లోపలి పుప్పొడిని చంపి, ఆ తరువాత వేరొక రకం పుప్పొడిని అందించే పద్ధతి ఒకటి ఉంది. ఇంత కష్టం పడేది తల్లిదండ్రుల గుణాలు బిడ్డకు వస్తాయన్న నమ్మకంతోనే కదా, అగ్గితెగులుకు లొంగని గుణం విత్తనంలో లేనిదే పొలంలో ఎక్కడి నుంచి వస్తుంది, అని రక్తవాది అడుగుతాడు. శ్రీకాకుళం దగ్గర రాగోలు పరిశోధన స్థానం ఇచ్చిన శ్రీకాకుళం సన్నాలు, వసుంధర అనే వరి రకాలను కూడా అతడు సాక్ష్యానికి పిలుస్తాడు. ఆ జిల్లాలో పారే నది పేరు కూడా వంశధారే కదా అని ముగిస్తాడు.

రెండవవారు భేదవాదులు. వారి మతంలో కుక్క బ్రీడుకూ మనిషి బ్రీడింగుకూ ఏ సంబంధమూ లేదు. పలుకు కలిసిందే తప్ప అర్థం కలవలేదు, కనుక ఇది శుద్ధ యమకం. ఆసామి నాయనమ్మ ఎవరైతేనేం, వాకిలి పాడుచేసింది నేటి ఉదయం కదా అన్నది వారి యుక్తి.

ఖండనం

రక్తవాదికి మొదటి సమాధానం అతని సాక్షులే చెబుతారు. అస్త్రవిద్యా ప్రదర్శన నాడు కర్ణుడి కులం అడిగినప్పుడు, శూరుల పుట్టుకా నదుల పుట్టుకా ఆరా తీయరాదని భారతంలో దుర్యోధనుడు అడ్డుపడ్డాడు. విజయనగరం శాస్త్రవేత్తలు నదుల పేర్లే పెట్టిన చోళ్ళకు తల్లినీ తండ్రినీ కాగితం మీద రాసి ఉంచారు. ఆ కాగితాన్ని పట్టుకుని ఇంకా వెనక్కి పోతే, చోడి ఆంధ్రదేశానికే చెందినది కాదు. తూర్పు ఆఫ్రికా ఎత్తుభూములలో అడవిగడ్డి నుంచి మచ్చికై, వేల సంవత్సరాల కిందట ఈ దేశానికి వచ్చింది. నాటు అంబలి తాగుతున్నామని గర్వపడేవారు తాగుతున్నది పరదేశి సంతానాన్ని. పైగా ఆ విత్తనమైనా పెంపకాన్ని బట్టే ఫలిస్తుంది. కర్ణాటకలోని హావేరి రైతుల నుంచి వ్యాపించిన గుళిరాగి పద్ధతిలో, ఎడంగా నాటిన లేత మొక్కల మీదుగా కర్రదుంగను లాగి వంచుతారు. అలా వంచిన మొక్క దుబ్బుకట్టి పిలకలు ఎక్కువ వేస్తుంది. అదే సంచిలోని విత్తనాన్ని వెదజల్లి వదిలేస్తే ఆ దుబ్బు కట్టదు. మొక్కై వంగనిది మానై వంగదన్న సామెతను ఈ పద్ధతి కొలతలతో సహా ఆచరణలో పెట్టింది.

రెండవ సమాధానం టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఉంది. ఏటా చలికాలానికి ముందు ఆ ఊరి చింతచెట్ల మీదికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గుంపులుగా వచ్చి, గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, వేసవి ముదిరేసరికి వెళ్ళిపోతాయి. వాటిని ఊరివారు పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయన్నది జిల్లా అంతటా ఉన్న నమ్మకం. పక్షిశాస్త్రం ప్రకారం ఆ గూడబాతు దక్షిణ, ఆగ్నేయాసియా దేశాలు దాటి ఎరగదు. ఎర్రకాళ్ళ కొంగ కూడా ఈ ప్రాంతపు పక్షే. ప్రబంధాలలో కృతిపతుల వంశవర్ణన సూర్యుడి దగ్గరో చంద్రుడి దగ్గరో మొదలైనట్టు, చింతచెట్టు మీది కొంగకూ దూరదేశపు పుట్టుక ఉంటేనే గౌరవమని లోకం తలచింది. కొంగ పాదం నుంచి పెడిగ్రీ పుట్టిన మాట నిజమే గానీ, కొంగ తన పెడిగ్రీ తాను రాసుకోలేదు. దానికి పనికివచ్చినవి చెట్టూ, చెరువులో చేపా, చెట్టు కింద రాయి విసరని పిల్లలూ.

మూడవ సమాధానం చేదైనది. పుట్టుకకే విలువ అని తేల్చిన సమాజం ఆ విలువను రూపాయలలోకి మార్చక ఊరుకోదు. గురజాడ అప్పారావు 1897లో ‘కన్యాశుల్కం’ తొలి కూర్పుకు రాసిన ఆంగ్ల పీఠికలో, విజయనగరం మహారాజు ఆనందగజపతి తయారు చేయించిన పట్టికను ఉదహరించాడు. నాటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో, బ్రాహ్మణ కుటుంబాలలో శుల్కం పుచ్చుకుని జరిగిన పెళ్ళిళ్ళు 1034. పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళవారు 99 మంది, నాలుగేళ్ళవారు 44, మూడేళ్ళవారు 36, రెండేళ్ళవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు. వీరంతా అమరకోశం లెక్కన కులీనులే, కాబట్టి సజ్జనులే. కులీనతే సంస్కారమైతే ఈ పట్టికను ఏ పేరుతో పిలవాలో రక్తవాది చెప్పవలసి ఉంటుంది. అతడు చెప్పలేదు గనుక ఆ వాదం నిలవదు.

భేదవాదికి సమాధానం క్లుప్తం. బ్రీడింగ్ రెండు అర్థాలూ ఒకే గూటి నుంచి ఎగిరినవని వ్యుత్పత్తి ప్రకరణంలో చూపబడింది; ఒకే గూటి పిల్లలను పరాయివారని చెప్పడం చెల్లదు.

సిద్ధాంతం

రెండు చోట్లా ధాత్వర్థం ఒకటే, ఆ అర్థం నెత్తురు కాక వెచ్చదనం అన్నది సిద్ధాంతం. పొదగడం మూడు విధాలని పూర్వులు చెప్పారు: చేప తన సంతానాన్ని చూపుతో, తాబేలు తలంపుతో, పక్షి స్పర్శతో పొదుగుతుందని; గురువు శిష్యుడికిచ్చే దీక్ష కూడా ఈ మూడు విధాలేనని. కూర్మనాథుడు కొలువైన శ్రీకూర్మం శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్నందువల్ల ఈ విభాగాన్ని ఇక్కడివారు కాదనలేరు. కళింగాంధ్ర ఇళ్ళలో మర్యాద నేర్పే తీరును పరిశీలిస్తే మూడు దీక్షలూ యథాతథంగా కనబడతాయి. చుట్టాల ముందు పళ్ళెంలోని చివరి అరిసె కోసం చేయి చాచిన పిల్లవాడిని తల్లి ఒక్క చూపు చూస్తే, ఆ చేయి దారిలోనే ఆగిపోతుంది; ఇది మత్స్యదీక్ష. ఊరుకాని ఊరిలో హాస్టలులో ఉన్న కుర్రవాడు ఒక పని చేయబోయి, “మా అయ్యకి తెలిస్తే ఏటనుకుంటాడు” అని వెనకాడితే, అది కూర్మదీక్ష. మూడవది వీపు మీద పడే దీక్ష. విహంగానిది స్పర్శే అయినా ఇక్కడ కొంచెం చప్పుడు కూడా ఉంటుంది. ఈ మూడింటిలోనూ ఎదుటివారి ఇబ్బంది తన ఇబ్బందిగా తోచేవరకు ఒక ప్రాణిని వెచ్చగా ఒత్తి ఉంచడమే జరుగుతుంది. అలా తోచడం అలవాటైన స్థితికి బ్రీడింగ్ అని పేరు.

ఆక్షేప సమాధానాలు

తాబేలు తలంపుతో పొదగడం కవిసమయమే గదా, నిజానికి తల్లి గుడ్లు పెట్టి వెనక్కి చూడకుండా సముద్రంలోకి పోతుంది గదా అని ఒక ఆక్షేపం. నిజమే. శ్రీకాకుళం జిల్లాకున్న 193 కిలోమీటర్ల తీరంలో, చలికాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డెక్కి, ఇసుకలో గొయ్యి తీసి, ఒక్కొక్కటి వంద దాకా గుడ్లు పెట్టి పోతాయి. వాటిని కాచేది ఇసుక వేడి; ఆ వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి. ఊరకుక్కలూ నక్కలూ తవ్వి తినకుండా అటవీశాఖవారూ స్వచ్ఛంద సంస్థలవారూ గుడ్లను కంచె వేసిన చోటికి చేర్చి, పిల్లలు బయటికి రాగానే నీటిలో వదులుతారు. ఈ దృష్టాంతం సిద్ధాంతాన్ని చెరపడానికి బదులు విస్తరిస్తుంది: తల్లి లేనిచోట తీరం పొదుగుతుంది, తీరానికి చేతకానిచోట ఊరు పొదుగుతుంది. ఆడా మగా అన్న నిర్ణయమే బయటి వేడికి లోబడినప్పుడు, వాకిలి ముందు కుక్క గొలుసును పక్కకు లాగాలా వద్దా అన్న నిర్ణయం వంశాన్ని బట్టి ఉంటుందనడం సాహసం.

రెండవ ఆక్షేపం కోళ్ళఫారం నుంచి వస్తుంది. పొదుగు మీదికి వచ్చిన కోడి గుడ్లు పెట్టడం మానేస్తుంది. అది ఫారం యజమానికి నష్టం. అందువల్ల ఇటలీలోని లివోర్నో రేవు పేరు మోసే తెల్ల లెగ్‌హార్న్ వంటి జాతులలో, పొదిగే బుద్ధి లేని కోళ్ళనే తరతరాలుగా ఏరి నిలిపారు. ఆ గుడ్లు 21 రోజులు యంత్రంలో, సుమారు 37.5 డిగ్రీల వేడిలో పిల్లలవుతాయి. బ్రీడింగ్ చేసి బ్రీడింగునే తీసివేసిన ఈ ఘనకార్యం పొదగడానికి తల్లి అక్కరలేదని నిరూపిస్తుందా అంటే, వేడి అక్కరలేదని మాత్రం నిరూపించదు. ఆ వేడికి నెలనెలా కరెంటు బిల్లు వస్తుంది. తల్లి పొదిగినప్పుడు ఆ బిల్లు ఎవరికీ రాలేదు గనుక అది ఉచితమని లోకం అనుకుంది.

అలంకారం

కుక్క ఉపమానం, ఆసామి ఉపమేయం. రెండింటికీ భేదం చెప్పి ఉపమేయాన్ని తక్కువ చేయడం వల్ల ఇది వ్యతిరేకాలంకారం. శబ్దాలంకారం విషయంలో, రెండు మాటలకూ వెచ్చదనమే అర్థమని తేలింది గనుక యమకం పోయింది. కుక్కకు అది దక్కిందని, ఆసామికి దక్కలేదని తాత్పర్యం మాత్రమే భేదించింది గనుక లాటానుప్రాసం సిద్ధించింది. నిజానికి ఆ కుక్కకు వేళకు తిండి, వేళకు టీకాలు, వేళకు షికారు, కూర్చోమంటే కూర్చునే శిక్షణ అందాయి. దాని మర్యాద దాని పూర్వీకుల నుంచి వచ్చింది కొంత, ఆసామి చేతి నుంచి వచ్చింది అధికం. కుక్కకు అంత శ్రద్ధగా ఇవ్వగలిగినది తన వద్ద లేదని ఆసామి గురించి అనవలసి రావడమే ఇందులోని చమత్కారం.

తాత్పర్యం

ఈ శునకం మేలైన జాతిలో పుట్టడమే గాక తగిన పెంపకం కూడా పొందినదై, గొలుసు ఎటు లాగితే అటు నడిచే వినయం కలిగి ఉండగా, దానిని నడిపించుకుని పోయే యజమాని మాత్రం పరుల వాకిలి తన వాకిలి వంటిదేనన్న ఎరుక కలిగేంతవరకు ఎవరిచేతా పొదగబడలేదని భావం.

అయితే ‘పొదగబడలేదు’ అన్నచోట కర్త ఎవరన్న ప్రశ్న మిగులుతుంది. బ్రీడింగ్ లేదనే మాట వ్యాకరణంలో ఆసామికి చెందినా, నిందలో అతన్ని పెంచినవారికి చెందుతుంది. అందుకే పెంపకం మాట ఎత్తితే మనిషి తనను తిట్టినప్పటికన్నా ఎక్కువ మండిపడతాడు. పెంచినవారంటే తల్లీ తండ్రీ మాత్రమే కాక, తాబేటి దృష్టాంతం ప్రకారం, ఊరు కూడా. ఊరు అన్నప్పుడు ముగ్గు వేసిన ఇల్లు కూడా అందులో ఉంది. పైగా మూలంలో ‘ఆసామికే’ అని ప్రథమపురుష వాడినందువల్ల, ఈ మాట అతడు మలుపు తిరిగిన తరువాత, మూడో మనిషితో అన్నదని స్పష్టం. మత్స్యదీక్షకు అతడు ఎదురుగా ఉన్నంతసేపూ అవకాశం ఉంది. ఒక్క చూపు చాలేది. ఆ చూపు చూడక, అతడు పోయాక పక్కింటివారికి చెప్పినవారికి కూడా మూలంలోని చివరి రెండు పదాలు వర్తిస్తాయా అన్న సందేహానికి వర్తిస్తాయనే ఈ టీక సమాధానం చెబుతుంది. మూలవాక్యాన్ని ప్రయోగించదలచినవారు ముందు ‘ఆసామికే’ అన్న ఏకారాన్ని తొలగించి, మధ్యమపురుషలోకి మార్చుకుని, అతని ముఖం చూస్తూ, వీలైతే “బాబూ” అనే సంబోధనతో మొదలుపెట్టి పలకవలెను. అలా పలికితే అది తిట్టు స్థాయి దాటి దీక్ష అవుతుంది.